సరుకు బండికి ఏ బ్రేక్ ప్యాడ్, ఏ డిస్కు?

మల్కాజ్‌గిరి చౌరస్తా నుంచి ఆనంద్‌బాగ్ మీదుగా సఫిల్‌గూడ వైపు, ఇటు మిర్జాల్‌గూడ మీదుగా మౌలాలి వైపు తెల్లవారింది మొదలు తిరిగే సరుకు బండ్లలో ఎక్కువ భాగం చిన్నవే. టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్, మహీంద్రా బొలేరో పికప్. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కూరగాయలు, చర్లపల్లి, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల నుంచి సామాను, ఇళ్లకు మంచినీళ్ల క్యాన్లు, కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్లకు సిమెంటు, టైల్స్ అన్నీ వీటి మీదే వస్తాయి. వీటిని నడిపేవాళ్లకూ ఓనర్లకూ తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ప్యాడ్లు అరిగాయి, ఏవి వేయించాలి? డిస్కు కూడా మార్చాలా, లేత్ పట్టిస్తే సరిపోతుందా? రాణీగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో దుకాణం కౌంటర్ ముందు నిలబడి, రెండు డబ్బాల ధరలు అడిగి, ఈ ప్రశ్నను అర నిమిషంలో తేల్చేస్తున్నాం. రోడ్డు మీద మన బండి ముందు నడిచే పిల్లల ప్రాణం ఆ అర నిమిషం మీద ఆధారపడి ఉంది కాబట్టి, ఈ విషయం మొత్తాన్ని ఒకసారి తీరిగ్గా చూడాలి.

2005లో టాటా ఏస్ వచ్చినప్పుడే దానికి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ములు ఇచ్చారు. 2011లో వచ్చిన దోస్త్‌కూ, బొలేరో పికప్‌కూ అదే పొందిక. పాత లారీలకూ, మనం డీసీఎంలు అని పిలిచే మధ్యతరహా బండ్లకూ చాలావరకు అన్ని చక్రాలకూ డ్రమ్ములే. వాటి సంగతి లైనర్లు, షూల సంగతి, దానికి వేరే వ్యాసం కావాలి. ఇక్కడ మాట్లాడేది ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న చిన్న బండి గురించి. ఇది ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, ఫోన్‌లో కనిపించే సలహాల్లో చాలావరకు అమెరికా పికప్‌ల గురించినవి. అక్కడ డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉండే మనవాళ్లు నడిపే పికప్‌కు నాలుగు చక్రాలకూ డిస్కులే, ఇంజిను మన ఏస్ కంటే ఎన్నో రెట్లు పెద్దది, చాలా రోజులు వెనక ట్రక్కు ఖాళీగానే ఉంటుంది. రంధ్రాల డిస్కులు, సిరామిక్ ప్యాడ్లు అని వాళ్లు చెప్పే మాట వాళ్ల బండికి సరిపోవచ్చు. అది విని మన బండికి కొనడం డబ్బు దండగ.

బ్రేకు చేసే పని ఒక్కటే. బండి పరుగులో ఉన్న శక్తిని వేడిగా మార్చి గాలిలోకి వదలడం. ఎంత వేడి పుడుతుందో లెక్క వేసి చూస్తే సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి. మొదటి తరం ఏస్ బండి బరువు, సరుకు కలిపి 1,550 కిలోలు దాటకూడదు. అందులో సరుకు వాటా 750 కిలోలు. ఈ బండి గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే దాదాపు 2 లక్షల 15 వేల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. బ్రేకు నొక్కగానే బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ముందు చక్రాల మీద భారం ఎక్కువ. అందులో 70 శాతం ముందు రెండు డిస్కుల మీద పడిందనీ, ఒక్కో డిస్కు ఐదు కిలోలు ఉందనీ అనుకుందాం. ఒక్కసారి ఆగితే డిస్కు వేడి దాదాపు 33 డిగ్రీలు పెరుగుతుంది. అదే 40 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే 15 డిగ్రీలు చాలు. వేగం సగానికి తగ్గితే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి మెట్టుగూడ, తార్నాక సిగ్నళ్ల మధ్య ఆగుతూ కదులుతూ నడిచే బండికి, బరువు హద్దులో ఉంటే, డిస్కులు మరీ కాగిపోవు. ఆగిన ప్రతిసారీ కొంత వేడెక్కుతాయి, కదలగానే కొంత చల్లారతాయి.

ఇప్పుడు అదే బండిలో 15 సిమెంటు బస్తాలకు బదులు 30 వేయండి. బస్తా 50 కిలోలు, అంటే సరుకే 1,500 కిలోలు. మొత్తం బరువు 2,300. అదే 60 నుంచి ఆగినప్పుడు డిస్కు ఒక్కసారికి 49 డిగ్రీలు వేడెక్కుతుంది. నీళ్ల క్యాన్ల సంగతీ ఇంతే. ఇరవై లీటర్ల క్యాను నీళ్లతోనే 20 కిలోలు, కాబట్టి 37 క్యాన్లు ఎక్కేసరికి 750 కిలోల హద్దు దగ్గరికి వచ్చేస్తుంది. అరవై, డెబ్బై క్యాన్లతో కాలనీల్లో తిరిగే ఏస్ బండ్లను మల్కాజ్‌గిరిలో ఎవరైనా చూడొచ్చు. ఆ బండికి ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా తయారీదారు లెక్క వేసిన పని అది చేయలేదు. ప్యాడ్ ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు మొదట అడగాల్సింది బండి మీద బరువు ఎంత అని. కౌంటర్ దగ్గర ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

ఇక ప్యాడ్లలో రకాలు. ఇనుప పలక మీద అతికించిన ఆ నల్లటి దిమ్మెలో రాపిడినిచ్చే పొడులు, నార, గ్రాఫైట్, వాటన్నిటినీ పట్టి ఉంచే ఫినాలిక్ రెజిన్ ఉంటాయి. లోహం దాదాపు లేకుండా నార, రెజిన్లతో చేసినవి ఆర్గానిక్ ప్యాడ్లు. మెత్తగా పడతాయి, చప్పుడు తక్కువ, డిస్కును పెద్దగా తినవు. చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే మొదటి బ్రేకుకే, బాగా పట్టుకుంటాయి. వీటి బలహీనత వేడి. 300 డిగ్రీలు దాటే కొద్దీ రెజిన్ కాలడం మొదలై వాయువులు వస్తాయి, ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య పట్టు సడలుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. డ్రైవర్లు బ్రేకులు పట్టడం లేదు అనే సందర్భాల్లో ఇదొకటి. సెమీ మెటాలిక్ ప్యాడ్లలో బరువు లెక్కన 30 నుంచి 65 శాతం దాకా ఉక్కు నార, ఇనుప పొడి లాంటి లోహాలుంటాయి. వేడిని బాగా తట్టుకుంటాయి. బదులుగా చప్పుడు ఎక్కువ, డిస్కు అరుగుదల ఎక్కువ, చల్లటి పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు పట్టు కాస్త తక్కువ. ఈ రెండింటి మధ్య లోహం తక్కువగా కలిపినవి కూడా ఉన్నాయి. సిరామిక్ ప్యాడ్లకు దుమ్ము తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ, ధర ఎక్కువ. అల్లాయ్ చక్రాలు నల్లబడకూడదనుకునే కార్ల యజమానులకు ఆ లాభాలు ముఖ్యం. సిమెంటు మోసే బండికి వాటితో పనేముంది?

ఆస్బెస్టాస్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. 1897లో ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఫెరోడో కంపెనీ పెట్టాక బ్రేకు లైనింగు ఒక పరిశ్రమ అయింది. తర్వాత దశాబ్దాల పాటు వేడికి కాలని, చవకైన ఆస్బెస్టాస్ నారే దానికి ప్రాణం. ఆ నార దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఏళ్ల తర్వాత ఆస్బెస్టోసిస్‌నూ క్యాన్సర్‌నూ తెస్తుందని తేలాక యూరోపియన్ యూనియన్ 2005లో పూర్తిగా నిషేధించింది. మన సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో ఆరోగ్యం కార్మికుడి హక్కు అని తీర్పు చెప్పింది. అయినా మన దేశంలో దాని వాడకం మీద పూర్తి నిషేధం లేదు. పేరున్న కంపెనీలు ఆస్బెస్టాస్ లేని ప్యాడ్ల వైపు మళ్లాయి, డబ్బా మీద ఆ మాట అచ్చు వేస్తాయి. ఏ పేరూ లేని లైనర్లో ఏముందో కొనేవాడికి తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. ఇందులో మొదట నష్టపోయేది షెడ్డులో డ్రమ్ము విప్పి, గాలి పైపుతో దుమ్ము ఊదే కుర్రాడు. గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవమని ప్రతి మేస్త్రీ తన దగ్గర పని నేర్చుకునేవాళ్లకు చెప్పాలి. దీనికి ఖర్చేమీ కాదు.

ప్యాడ్ వెనక పలక మీదో అంచు మీదో ఒక అంకెల వరుస, చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. చాలామంది వాటిని చూడనే చూడరు. ఆ రెండక్షరాలు ప్యాడ్ పట్టు ఎంతో చెబుతాయి. మొదటి అక్షరం మామూలు వేడిలో, అంటే సుమారు 93 నుంచి 204 డిగ్రీల మధ్య ఉండే రాపిడి గుణకానికి, రెండోది బాగా కాగినప్పుడు ఉండే గుణకానికి గుర్తు. ‘ఈ’ అంటే 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55. సరుకు బండికి ‘ఎఫ్ ఎఫ్’ ఉంటే చాలు. మొదటి అక్షరం ‘ఎఫ్’ ఉండి రెండోది ‘ఈ’ ఉంటే వేడెక్కినప్పుడు పట్టు తగ్గుతుందన్నమాట. ‘ఈ ఈ’ ఉన్న ప్యాడ్‌కు పెడల్ ఎక్కువ బలంగా తొక్కాలి. ఈ అక్షరాలు ప్యాడ్ ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పవు, నాణ్యత మొత్తాన్నీ చెప్పవు. కానీ రెండు డబ్బాల మధ్య ఎంచుకునేటప్పుడు ధర కంటే నమ్మదగిన గుర్తు ఇదే. పలక మీద ఏ అక్షరమూ, ఏ బ్యాచ్ నంబరూ లేకపోతే ఆ ప్యాడ్ కొనకండి.

షెడ్లలో తరచుగా వినే మాట ఒకటుంది. గట్టి ప్యాడ్ వేస్తే ఎక్కువ రోజులు వస్తుందన్నా అంటారు. ప్యాడ్ నిజంగానే ఎక్కువ రోజులు వస్తుంది. ఆ అరుగుదల డిస్కు మీదికి పోతుంది. ప్యాడ్ అరగడానికే పుట్టింది, డిస్కు కంటే చవక, మార్చడం సులువు. గట్టి ప్యాడ్‌తో రెండు మూడు ప్యాడ్ల కాలం మిగుల్చుకుని ఒక జత డిస్కులు పోగొట్టుకుంటే చివరికి ఖర్చు పెరుగుతుంది. పైగా గట్టి ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టకపోతే, మౌలాలి గుట్ట పక్క సందులో పిల్లవాడు ఎదురొచ్చినప్పుడు ఆ కొద్ది మీటర్లే తేడా తెస్తాయి. 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి, మంచి బ్రేకు పడితే డ్రైవర్ తేరుకునే ఒక సెకనుతో కలిపి దాదాపు 44 మీటర్లలో ఆగుతుంది. పట్టు 30 శాతం తగ్గితే 56 మీటర్లు కావాలి. తేడా 12 మీటర్లు. అంటే మూడు ఏస్ బండ్లు వరుసగా నిలబడ్డంత దూరం.

డిస్కు విషయంలో ఎంపిక ఇంకా సులువు. పోత ఇనుముతో చేసిన, రంధ్రాలూ గాడులూ లేని మామూలు డిస్కు, బండి తయారీదారు ఇచ్చిన కొలతలోనిదే, కొనండి. బండికి మధ్యలో ఖాళీలు లేని డిస్కు వచ్చి ఉంటే అలాంటిదే, గాలి ఆడే ఖాళీలున్నది వచ్చి ఉంటే అదే. రంధ్రాలు వేసిన డిస్కులు రేసు కార్లలో ప్యాడ్ నుంచి వచ్చే వాయువులు బయటికి పోవడానికి పుట్టినవి. బరువు మోసే బండిలో పదేపదే కాగి చల్లారే డిస్కుకు ఆ రంధ్రాల అంచులే పగుళ్లు మొదలయ్యే చోట్లు. గాడులు వేసినవి ప్యాడ్‌ను తొందరగా అరగదీస్తాయి. రంధ్రాల డిస్కు చూడ్డానికి బాగుంటుంది, సరుకు బండికి మాత్రం మేలు చేయదు.

బ్రేకు వేయగానే స్టీరింగ్ వణికితే డిస్కు వంగిందంటారు. చాలాసార్లు డిస్కు వంగదు. దాని మందం చుట్టూ ఒకేలా ఉండదు. ఒకచోట ప్యాడ్ పదార్థం అంటుకుంటుంది, మరోచోట ఎక్కువ అరుగుతుంది. కాగిన డిస్కుతో సిగ్నల్ దగ్గర పెడల్ గట్టిగా నొక్కి పట్టి నిలబడటం ఇందుకు ఒక కారణం. హబ్ మీద తుప్పు శుభ్రం చేయకుండా డిస్కు బిగించడం మరో కారణం. హబ్ మీద ఇసుక రేణువంత తుప్పు ఉన్నా డిస్కు అంచు దగ్గర ఊగుతుంది. గాలి గన్నుతో ఒక్కో నట్టు ఒక్కో బలంతో బిగించడమూ అంతే. నట్లు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, చివరికి టార్క్ రెంచ్‌తో బిగించాలి.

లేత్ పట్టించాలా, మార్చాలా అన్నదానికి సమాధానం డిస్కు మీదే రాసి ఉంటుంది. హబ్ దగ్గరో అంచునో కనీస మందం మిల్లీమీటర్లలో పోత పోసి ఉంటుంది. కొత్త డిస్కుకూ ఆ హద్దుకూ మధ్య తేడా సాధారణంగా ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లే. లేత్ మీద రెండు వైపులా చెక్కితే అందులో కొంత పోతుంది. చెక్కాక మిగిలే మందం హద్దు కంటే పైన ఉంటేనే ఆ పని చేయించాలి. పలచబడిన డిస్కు వేడిని తక్కువ దాచుకుంటుంది, తొందరగా కాగుతుంది, పగులుతుంది.

కొలవడంలో ఒక మెళకువ ఉంది. అరిగిన డిస్కు అంచున ప్యాడ్ తగలని చోట చిన్న గట్టు మిగులుతుంది. మామూలు వెర్నియర్ పెడితే దాని పళ్లు ఆ గట్టు మీద ఆగి, డిస్కు బాగానే ఉందని చూపిస్తాయి. కొలత తప్పు. మైక్రోమీటర్ ఉంటే లోపలి భాగంలో కొలవొచ్చు. లేకపోతే రెండు రూపాయి నాణేలు తీసుకుని డిస్కు అటొకటి ఇటొకటి, ప్యాడ్ తిరిగే చోట ఆనించి, నాణేల మీదుగా వెర్నియర్ పెట్టండి. వచ్చిన కొలతలోంచి రెండు నాణేల మందం తీసేస్తే అసలు మందం తేలుతుంది. చుట్టూ నాలుగైదు చోట్ల కొలిస్తే వణుకుకు కారణమూ బయటపడుతుంది.

ప్యాడ్లు విప్పినప్పుడు వాటిని పారేసే ముందు ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే చక్రంలో లోపలి ప్యాడ్ పలక దాకా అరిగి, బయటిది సగం మిగిలిందంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే కెలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోయాయి. ఎడమ చక్రంవి రెండూ అరిగి కుడి చక్రంవి మాత్రం బాగా మిగిలితే ఆ వైపు పిస్టన్ కదలడం లేదు, లేదా పైపు లోపల మూసుకుపోయింది. ప్యాడ్ ఒక కొస అరిగి రెండో కొస మందంగా ఉంటే క్లిప్పుల్లో తుప్పు పట్టి అది సరిగ్గా జారడం లేదు. ఈ జబ్బులు సరిచేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి, తప్పు కంపెనీ మీదికి పోతుంది. పిన్నులకు బ్రేకుల కోసం తయారైన సిలికాన్ గ్రీజే పూయాలి. మామూలు గ్రీజు, డీజిల్, పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, దాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడవకుండా బిగిస్తే కొత్త ప్యాడ్ ఆ నూనె పీల్చుకుని మొదటి రోజే పాడవుతుంది.

కొత్త ప్యాడ్లు సెట్ కావడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 దాకా, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ ఓ పది పన్నెండు సార్లు నెమ్మదిగా వేగం తగ్గించండి. ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమంగా పరుచుకుంటుంది. ప్యాడ్లు వేయించిన గంటకే లోడుతో ఘాట్ ఎక్కకండి.

ప్యాడ్, డిస్కు రెండూ మంచివే అయినా బ్రేకు ఆయిలు పాతదైతే లాభం లేదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. కెలిపర్‌లో ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది. వానాకాలం ఎక్కువ తేమ ఉండే మన ఊళ్లో రెండేళ్లకోసారి ఆయిలు మార్చి గాలి తీయించడం తప్పనిసరి. మల్కాజ్‌గిరిలో బండ చెరువు పొంగినప్పుడు కాలనీల్లోకీ, వానొస్తే రైలు పట్టాల కింది దారుల్లోకీ నీళ్లు చేరతాయి. అందులోంచి వచ్చిన బండి డిస్కులు కొద్ది దూరంలోనే ఆరిపోతాయి కానీ డ్రమ్ములోకి చేరిన నీళ్లు అంత తొందరగా పోవు. నీళ్లలోంచి బయటపడగానే మెల్లగా నడుపుతూ పెడల్ తేలిగ్గా నొక్కి ఆరబెట్టాలి. విద్యుత్తు బండ్లకు మోటారే కొంత బ్రేకు పని చేస్తుంది కాబట్టి ప్యాడ్లు నెమ్మదిగా అరుగుతాయి. వాడకం తక్కువై డిస్కు తుప్పు పట్టే ఇబ్బంది మాత్రం ఉంటుంది.

ముందు ప్యాడ్లు త్వరగా అరిగిపోతున్నాయని వాపోయే చాలా బండ్లలో అసలు జబ్బు వెనక ఉంటుంది. డ్రమ్ములో షూలు సరిచేసుకోక వెనక బ్రేకు పడకపోతే భారమంతా ముందు ప్యాడ్లదే. ఇంకో సంగతి ఓనర్లు గట్టిగా గుర్తుంచుకోవాలి. కొన్ని పికప్‌లలో వెనక ఇరుసుకు కలిపిన ఒక వాల్వు ఉంటుంది. సరుకు బరువుకు బండి ఎంత కుంగిందో చూసి అది వెనక బ్రేకుకు అంత ఒత్తిడి పంపుతుంది. ఎక్కువ లోడు మోయాలని అదనపు కమాన్ పట్టీలు ఎక్కిస్తే బండి కుంగదు. బండి ఖాళీగా ఉన్నట్టు లెక్క వేసి వాల్వు వెనక బ్రేకును తగ్గించేస్తుంది. పైన రెండింతల బరువు, వెనక సగం బ్రేకు. పట్టీలు ఎక్కించేవాళ్లు ఈ మాట చెప్పరు, చాలామందికి తెలియదు కూడా.

ఘాట్ రోడ్డు లెక్క వేరు. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక దిగుళ్లు, మలుపులు ఉంటాయి. హద్దులో లోడున్న 1,550 కిలోల బండి 300 మీటర్ల ఎత్తు దిగితే ఇంజిన్ సాయం లేకుండా బ్రేకు మీద పడే వేడి, 60 నుంచి 21 సార్లు వరసగా ఆపినంత. మధ్యలో చల్లారే సందు లేదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపడం ప్రాణాలతో చెలగాటం. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. 2018 సెప్టెంబర్ 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో నూరుమందికి పైగా ఎక్కిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బరువూ దిగుడూ కలిసినప్పుడు ఏమవుతుందో తెలంగాణ అలా చూసింది.

నకిలీల బెడద నిజం. పేరున్న కంపెనీల ప్యాడ్లు మనకు దూరంగా ఏమీ తయారు కావడం లేదు. చెన్నైలో బ్రేక్స్ ఇండియా ఉంది, రానే గ్రూపు బ్రేక్ లైనింగ్ కర్మాగారం మన హైదరాబాద్ శివార్లలోనే ఉంది. బండి కంపెనీ డబ్బాలో వచ్చేవి చాలావరకు ఇలాంటివాళ్లు చేసినవే. కాబట్టి బండి కంపెనీ డబ్బాకూ, తయారీదారు సొంత పేరుతో అమ్మే డబ్బాకూ మధ్య ధర తేడా ఉంటే రెండోది కొనడంలో తప్పేమీ లేదు. మూడోది, అచ్చంగా అదే రంగు డబ్బా, అక్షరం ఒకటి అటూ ఇటూ ఉన్నది, దాన్నే వదిలేయాలి. పార్ట్ నంబరు, బ్యాచ్ నంబరు, పలక మీది అక్షరాలు, హోలోగ్రాం కోడు చూడండి, బిల్లు తీసుకోండి. నకిలీ ప్యాడ్‌లో అన్నింటికంటే ప్రమాదం దిమ్మె పలక నుంచి ఊడిపోవడం. అప్పుడు ఇనుము మీద ఇనుము పడుతుంది.

లాలాగూడలో 1893 నాటి రైల్వే వర్క్‌షాపు మల్కాజ్‌గిరికి కూతవేటు దూరంలో ఉంది. ఎల్‌హెచ్‌బి రకం రైలు కోచ్‌ల కింద కూడా ఇరుసుల మీద డిస్కులు, వాటికి ప్యాడ్లు ఉంటాయి. అక్కడ ప్యాడ్ మందం కొలిచి, రాసి, హద్దు చేరగానే మారుస్తారు. పట్టాల మీద అంత క్రమం పాటించే ఊళ్లో రోడ్డు బండికి చప్పుడొచ్చేదాకా ఆగడం సరికాదు. రవాణా బండికి ఫిట్‌నెస్ పరీక్ష ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఉంటుంది. రెండు పరీక్షల మధ్య ప్యాడ్ ఎన్నిసార్లు అరుగుతుందో డ్రైవర్‌కు తెలుసు.

నా తీర్పు ఇది. హద్దులోని బరువుతో నగరంలోనే తిరిగే ఏస్, దోస్త్ బండ్లకు పేరున్న కంపెనీ ఆస్బెస్టాస్ లేని ఆర్గానిక్ ప్యాడ్ లేదా తక్కువ లోహం ఉన్న ప్యాడ్, ‘ఎఫ్ ఎఫ్’ అక్షరాలతో, మామూలు పోత ఇనుము డిస్కుతో కలిపి వేయించండి. నిండు లోడుతో దూరాలు, ఘాట్‌లు తిరిగే బొలేరో పికప్ లాంటి బండికి సెమీ మెటాలిక్ ప్యాడ్, డాట్ 4 ఆయిలు వాడండి, అది కూడా బండి పుస్తకం ఒప్పుకుంటేనే. రెండు చక్రాలకూ ఒకేసారి మార్చండి, ఒక వైపు మార్చి రెండో వైపు పాతది ఉంచకండి. దిమ్మె మూడు మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చండి, పలక శబ్దం కోసం ఎదురుచూడకండి. సిరామిక్, రంధ్రాల డిస్కుల మీద పెట్టే డబ్బుతో ఆయిలు మార్పించి, వెనక డ్రమ్ములు సరిచేయించండి.

మల్కాజ్‌గిరిలో బండి ఓనరు ఒకరు, నడిపేది ఇంకొకరు కావడం మామూలే. పెడల్ మీద పాదం పెట్టేది డ్రైవర్. అతను వచ్చి, అన్నా, బ్రేకు సరిగ్గా పడటం లేదు అంటే ఆ రోజు కిరాయి వదులుకోండి, బండిని షెడ్డుకు పంపండి.